న్యూక్లియర్ మెడిసిన్ టెక్నాలజిస్టు - ఇదీ ఒక చదువే!

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఇంటర్‌లో సైన్సు తీసుకుంటే డాక్టరు, లేదంటే ఇంజనీరు అనుకుంటాం. ఆ సీటు రాకపోతే అంతా అయిపోయిందని దిగులుపడతాం. ఆసుపత్రిలోనే మరో దారి ఉంది.

ఎక్స్‌రేలో కిరణాలు యంత్రం నుంచి వస్తాయి. న్యూక్లియర్ మెడిసిన్‌లో రోగికి ఇచ్చిన రేడియోధార్మిక మందు నుంచి వస్తాయి. గామా కెమెరా వాటిని పట్టి ఎముకలు, గుండె, థైరాయిడ్ ఎలా పనిచేస్తున్నాయో చూపుతుంది. ఎక్కువగా వాడేది టెక్నీషియం-99ఎం. ఇది ప్రతి 6 గంటలకూ సగమవుతుంది, 24 గంటలకు మిగిలేది పదహారో వంతే. నిల్వ ఉండదు కనుక మాలిబ్డినం ఉన్న జనరేటర్ నుంచి ఆసుపత్రిలోనే తీస్తారు. ఆవు పాలు పితికినట్టే కాబట్టి ఆ పనికి 'పితకడం' అనే పేరు!

మోతాదు కొలవడం, స్త్రీలను గర్భం ఉందేమో అడగడం, రోగికి ధైర్యం చెప్పి కదలకుండా స్కాన్ తీయడం శిక్షణలో నేర్పుతారు. మరి రేడియేషన్ భయం? సూత్రాలు మూడే: దగ్గరున్న సమయం తగ్గించాలి, దూరం పెంచాలి, సీసం అడ్డుపెట్టాలి. దూరం రెట్టింపైతే తీవ్రత సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది. ఒంటికి తగిలిన మోతాదును ఛాతీపై పెట్టుకునే టీఎల్‌డీ బ్యాడ్జి లెక్క చెబుతుంది.

ఇంటర్ సైన్సుతో బీఎస్సీ, డిగ్రీ తర్వాత పీజీ కోర్సులు ఉన్నాయి. చేరేముందు రెండు ప్రశ్నలు తప్పక అడగండి. ఈ చదువు అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ) అంగీకరించే అర్హతేనా? గామా కెమెరా ఉన్న ఆసుపత్రిలో శిక్షణ ఇస్తారా? సమాధానం సూటిగా రాకపోతే ఫీజు కట్టకండి. అమ్మానాన్నల కూలి డబ్బు అది. అడగడానికి సిగ్గెందుకు?