కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి

డంబెల్‌లో ఏముంది చెప్పండి? ఒక ఇనుప ముద్ద. అందులో చిప్ లేదు, బ్యాటరీ లేదు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అంతకన్నా లేదు. తుప్పు పట్టకుండా చూసుకుంటే తాత ఎత్తినదాన్ని మనవడు కూడా ఎత్తుకోవచ్చు. అలాంటి వస్తువు 2020 వేసవిలో అమెరికాలో బంగారమై కూర్చుంది. కరోనాకి ముందు మామూలు ఇనుప డంబెల్ పౌనుకి డాలరు, డాలరున్నర మధ్య దొరికేది. ఆ ఏప్రిల్, మే నెలల్లో దుకాణాల్లో సరుకే లేదు. ఒకరు వాడి అమ్మేవి పౌను మూడు డాలర్లు పలికాయి, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువే. వాడిన వస్తువు కొత్తదానికన్నా ఖరీదు కావడం చిత్రం కదూ!

అప్పుడు నాలుగో తరగతిలో ఉన్న మా అమ్మాయి "నాన్నా, ఐరన్ అయిపోయిందా?" అని అడిగింది. ఇప్పుడు తను హైస్కూల్లో ఎకనామిక్స్ చదువుతోంది. ఆ ప్రశ్నకి జవాబు ఈ వ్యాసం. మన పిల్లలకి సప్లై, డిమాండ్ అని రెండు గీతలు గీసి చూపించే కన్నా, బేస్‌మెంట్‌లో పడి ఉన్న డంబెల్‌ని చూపించి చెప్తే త్వరగా ఎక్కుతుందని నా నమ్మకం.

ఇనుము అయిపోలేదు. అయిపోయింది పోత పోసే తీరిక. ఈ బరువుల్లో ఎక్కువ భాగం చైనాలో తయారవుతాయి. మెత్తటి ఇసుకలో అచ్చు నొక్కి, కరిగిన ఇనుము పోసి, చల్లారాక ఇసుక దులిపి, అంచులు గీకి రంగు వేస్తారు. పని సులువే, కానీ ఒళ్లు హూనమవుతుంది, పొగ, వేడి. 2020లో చైనా కొత్త సంవత్సరం జనవరి 25న వచ్చింది. వుహాన్‌ని మూసేసింది సరిగ్గా రెండు రోజుల ముందు. పండక్కి ఊళ్లకి వెళ్లిన కార్మికులు వెళ్లిన చోటే ఉండిపోయారు, ఫిబ్రవరి నెల చాలావరకు పోయినట్టే. ఇటు అమెరికాలో జనవరి అంటే న్యూ ఇయర్ తీర్మానాల సీజను. వ్యాయామ సామాను ఎక్కువగా అమ్ముడయ్యేది అప్పుడే. అంటే దుకాణాల అరలు ఖాళీ అవుతున్న సమయంలోనే అటు కొలిమి ఆరిపోయింది.

ఆ మీదట మార్చి వచ్చింది. మా ఒహాయోలో మార్చి 16 సాయంత్రం జిమ్‌లు మూసేశారు. మళ్లీ తెరిచింది మే 26న. దేశమంతటా కాస్త అటూ ఇటూగా ఇదే వరస. జిమ్‌లో ఒక జత డంబెల్స్‌ని రోజుకి యాభై మంది ఎత్తుతారు. జిమ్ మూస్తే ఆ యాభై మందికీ యాభై జతలు కావాలి. అసలు చిక్కంతా ఇక్కడుంది. వ్యాయామం చేసేవాళ్లు పెరగకపోయినా, పంచుకోవడం ఆగిపోవడంతో అవసరం ఎన్నో రెట్లు పెరిగింది. దానికి తోడు ఆ వసంతంలో ప్రభుత్వం పెద్దవాళ్లకి తలా 1,200 డాలర్ల వరకు పంచింది. సినిమాలూ లేవు, ప్రయాణాలూ లేవు. డబ్బు ఇంకెక్కడికి పోతుంది?

"మరి ఇక్కడే పోత పోసుకోవచ్చుగా?" అంటారు. మా కొలంబస్‌లోనే ఉన్న రోగ్ లాంటి కంపెనీలు బార్‌బెల్స్ లాంటివి ఇక్కడే తయారుచేస్తాయి. వాళ్లు రాత్రింబవళ్లు పనిచేసినా వెబ్‌సైట్‌లో పెట్టిన సరుకు చూస్తుండగానే మాయమయ్యేది. కొత్త ఫౌండ్రీ కట్టాలంటే అనుమతులు, పనివాళ్లు, కోట్ల పెట్టుబడి కావాలి. జిమ్‌లు మళ్లీ తెరిస్తే ఏం చేసుకోవాలి? ఆరు నెలల గిరాకీ చూసి ఇరవై ఏళ్ల కొలిమి ఎవరు వెలిగిస్తారు?

పిల్లలకో లెక్క

పిల్లలూ, కాగితం, పెన్సిలు తెచ్చుకోండి. చైనా నుంచి అమెరికా పడమటి తీరానికి 40 అడుగుల కంటైనర్ కిరాయి కరోనాకి ముందు సుమారు 1,500 డాలర్లు. 2021 సెప్టెంబర్‌లో అది 20,000 దాటింది. అమెరికా రోడ్ల మీద లారీ మొత్తం బరువు 80,000 పౌన్లు మించకూడదు. లారీ, కంటైనర్ల బరువు తీసేస్తే సరుకుకి మిగిలేది సుమారు 44,000 పౌన్లు. పోత ఇనుము అంత బరువు తూగడానికి పెట్టెలో ఇరవయ్యో వంతు చోటు కూడా అక్కర్లేదు. మిగతాదంతా గాలే. అంటే డంబెల్స్ వ్యాపారి సముద్రం మీద గాలికి కిరాయి కడుతున్నాడన్నమాట!

1,500ని 44,000తో భాగించండి. పౌనుకి మూడున్నర సెంట్లు. ఇప్పుడు 20,000ని భాగించండి. నలభై అయిదు సెంట్లు. యాభై పౌన్ల డంబెల్స్ జతకి కిరాయి మూడున్నర డాలర్ల నుంచి నలభై అయిదు డాలర్లకి ఎగిరింది. అదే కిరాయి ఖరీదైన ఫోన్ల మీద వేసి చూడండి, ఒక్కో ఫోనుకి ఏమంత తేడా కనపడదు. చవక సరుకు, బరువు సరుకు అయినవాటికే దెబ్బ గట్టిగా తగిలింది. ట్రెడ్‌మిల్ సంగతి వేరు. దానికి బరువు కన్నా చోటు సమస్య. ఒక కంటైనర్‌లో తొంభై పడతాయనుకుంటే ఒక్కోదానికి కిరాయి పదిహేడు డాలర్ల నుంచి రెండు వందల ఇరవై దాకా పోయింది. కంటైనర్ దొరికినా ఓడ రేవులోకి రావాలిగా! 2022 జనవరిలో లాస్ ఏంజెలెస్, లాంగ్‌బీచ్ రేవుల కోసం వందకి పైగా ఓడలు వరస కట్టాయి.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. కిరాయిలు నిజంగా మండింది 2020 రెండో సగం నుంచి. 2020 వసంతంలో ధర పెరగడానికి కారణం ఓడలు కాదు, మన ఎగబడటం. "షిప్పింగ్ వల్లే సార్" అని ఆ మే నెలలోనే అన్న అమ్మకందారు మాటని నేను నమ్మలేదు, ఇప్పటికీ నమ్మను.

నడవడానికి చోటు లేక

ఈ కథలో కండలు పెంచే కుర్రాళ్ల బాధ నన్ను అంతగా కదిలించలేదు. వాళ్లు నేల మీద దండీలు, బస్కీలు తీసినా సరిపోతుంది. ఇబ్బంది పడినవాళ్లు వేరే ఉన్నారు. 2020 మార్చి చివర్లో ఇండియా అంతర్జాతీయ విమానాలు ఆపేసింది. మనవళ్లని చూడటానికి ఆరు నెలలకని వచ్చిన అమ్మానాన్నలు ఇక్కడే చిక్కుకుపోయారు. మా వీధిలో ఒక స్నేహితుడి నాన్నగారు, గుంటూరు నుంచి వచ్చారు. అంతకు ముందు ఏడాదే స్టెంటు వేశారు. "రోజూ నలభై నిమిషాలు నడవాల్సిందే" అని డాక్టరు గారి మాట. వేసవంతా మాస్కు కట్టుకుని వీధిలో నడిచారు. నవంబర్‌లో మంచు మొదలైంది. మాల్‌లో నడుద్దామంటే జనం భయం. వీసా పొడిగింపుకి కాగితాలు పంపి, ఇన్సూరెన్స్ మళ్లీ కట్టి, కొడుకు ట్రెడ్‌మిల్ కోసం వేట మొదలుపెట్టాడు. ఫిబ్రవరిలో ఏడు వందలకి చూసిన మెషిన్ ఎక్కడా లేదు. ఒక దుకాణం వాళ్లు డబ్బు తీసుకుని రెండుసార్లు తేదీ మార్చి, చివరికి ఆర్డరే రద్దు చేశారు. చివరికి ఎవరో వాడిన మెషిన్ పదకొండు వందలకి కొన్నాడు.

"ఒరేయ్, ఈ డబ్బు పెడితే మనూళ్లో గేదె వచ్చేది కదరా" అన్నారట పెద్దాయన. అన్నా, వసంతం వచ్చేదాకా దాని మీదే నడిచారు.

మనవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. దక్షిణాసియా వాళ్లకి మధుమేహం, గుండె జబ్బు తక్కువ బరువులోనే, చిన్న వయసులోనే వస్తాయని డాక్టర్లు చాలాకాలంగా చెప్తున్నారు. అందుకే అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015 నుంచి ఆసియా మూలాలవారికి బి.ఎమ్.ఐ. 25 దాకా ఆగకుండా 23 దగ్గరే షుగర్ పరీక్ష మొదలుపెట్టాలంటోంది. పొద్దస్తమానం కంప్యూటర్ ముందు కూర్చునే మా ఐ.టి. వాళ్లకి ఆఫీసు నుంచి కారు దాకా నడిచే నాలుగడుగులు కూడా ఆ ఏడాది పోయాయి.

అయితే మన బుర్రలు ఊరుకుంటాయా? గాలన్ నీళ్ల జగ్గు ఎనిమిది పౌన్ల పైచిలుకు తూగుతుంది, రెండు చేతులకి రెండు. ఇరవై పౌన్ల సోనామసూరి బస్తా భుజాన వేసుకుని గుంజిళ్లు తీసిన అమ్మలు మా ఊళ్లో ఉన్నారు. విజయనగరంలో వ్యాయామశాల పెట్టి, ఏనుగుని ఛాతీ మీద ఎక్కించుకుని పేరు తెచ్చుకున్న కోడి రామ్మూర్తి నాయుడు గారి జాతి మనది. జాతరల్లో రాతిగుండు ఎత్తే పోటీలకి ఏ దేశపు కంటైనరూ రానక్కర్లేదు.

దోపిడీనా, వ్యాపారమా?

మా క్రికెట్ జట్టులో ఒక కుర్రాడున్నాడు. ఆ ఏప్రిల్‌లో కంప్యూటర్‌లో చిన్న ప్రోగ్రాం రాసుకుని, దుకాణాల సైట్లలో సరుకు పడిన క్షణంలో కొనేసేవాడు. వారం తిరక్కుండా రెట్టింపుకి అమ్మేవాడు. సంగతి తెలిసి జట్టు వాట్సాప్‌లో పెద్ద గొడవ. "అన్నా, షేర్లు తక్కువకి కొని ఎక్కువకి అమ్మితే తెలివంటారు. డంబెల్ అమ్మితే దోపిడీ ఎలా అవుతుంది? నేనెవరి మెడ మీదా కత్తి పెట్టలేదే!" అన్నాడు. జట్టులో పెద్దాయన ఒకరు "నువ్వు ఒక్క డంబెల్ తయారుచేశావా నాయనా? ఒక్కటి మోసుకొచ్చావా? వరసలో ముందు దూరావంతే" అన్నారు.

చట్టం ఆ కుర్రాడి పక్షమే. అత్యవసర పరిస్థితిలో ధర పదిశాతం మించి పెంచకూడదనే కాలిఫోర్నియా చట్టం కూడా ముఖ్యంగా ఆహారం, మందులు, పెట్రోలు, ఇళ్లు, మరమ్మతు సామాను లాంటివాటి గురించే. అందులో డంబెల్ పేరు ఎత్తలేదు. ధర పెరిగితేనే కొత్త సరుకు వస్తుందని ఎకనామిక్స్ పాఠం. నిజమే, ఆ పెరిగిన ధర తయారీదారుకి చేరితే. ఇక్కడ అది మధ్యలోనే ఆగింది. నా ఓటు పెద్దాయనకే. మా అమ్మాయి మాత్రం ఇప్పటికీ ఆ అబ్బాయి వైపే మాట్లాడుతుంది. ఇంట్లో ఆ చర్చ తేలలేదు.

కొరడా దెబ్బ

సప్లై చెయిన్ సాఫ్ట్‌వేర్ మీద పనిచేసేవాళ్లకి బుల్‌విప్ అనే మాట తెలుసు. కొరడా పిడిని కాస్త కదిపితే చివర ఎంతో ఊగుతుంది. కొనేవాడు ఒకటికి రెండు అడుగుతాడు, దుకాణం రెండుకి నాలుగు రాస్తుంది, టోకు వ్యాపారి నాలుగుకి ఎనిమిది. సరుకు అంతా వచ్చేసరికి కొనేవాడు ఇంటికి పోయాడు.

పెలోటన్ కథ అదే. 2019 సెప్టెంబర్‌లో 29 డాలర్లకి మార్కెట్‌కి వచ్చిన షేరు 2021 జనవరికి 160 దాటింది. సైకిళ్లు సమయానికి అందించలేక, విమానాల్లోనూ త్వరగా వచ్చే ఓడల్లోనూ తెప్పించడానికి పది కోట్ల డాలర్లు పెడతామంది. మా ఒహాయోలోనే 40 కోట్ల డాలర్లతో ఫ్యాక్టరీ కడతామని 2021 మేలో ప్రకటించింది. ఏడాది తిరక్కుండా మానుకుంది. 2022 ఫిబ్రవరిలో 2,800 మందిని తీసేసింది. ఆ ఏడాది చివరికి షేరు పది డాలర్ల లోపు. బోఫ్లెక్స్ తయారుచేసిన నాటిలస్ షేరు 2020 మార్చిలో రెండు డాలర్ల లోపు నుంచి ఏడాదిలో పాతిక దాటింది. 2024 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. తైవాన్‌కి చెందిన జాన్సన్ హెల్త్ టెక్ దాని ఆస్తులు కొనుక్కుంది.

కొరడా మన వంటింట్లోకి కూడా వచ్చింది. 2023 జూలై 20న ఇండియా బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపగానే ఇండియన్ స్టోర్ల ముందు మనవాళ్ల బారులు గుర్తున్నాయిగా? నెలకి ఒక బస్తా తినే ఇల్లు ఆరు బస్తాలు మోసుకుపోతే, వెనకాల వచ్చినవాళ్లకి "మనిషికి ఒకటే" అనే బోర్డు మిగిలింది. 2020లో డంబెల్‌గా పనిచేసిన బస్తానే మూడేళ్లకి తనే కొరత సరుకైంది!

ఇక ఇప్పటి సంగతి. అప్పుడు కొరివి అయిన సరుకు అమ్మబోతే అడవే. బట్టలు ఆరేసుకుంటున్న ట్రెడ్‌మిల్స్ "వచ్చి మోసుకుపోతే చాలు" అని పెడుతున్నారు. కొనేవాళ్లకి మంచి కాలం. ఇనుప డంబెల్, బార్‌బెల్, బిళ్లలు పాతవైనా ధైర్యంగా తీసుకోండి. మోటారు, బెల్టు ఉన్నవి పది నిమిషాలు నడిచి చూసి తీసుకోండి. చిన్నపిల్లలున్న ఇంట్లో ట్రెడ్‌మిల్ సేఫ్టీ కీ తీసి పిల్లలకి అందని చోట పెట్టండి. పెలోటన్ ట్రెడ్ ప్లస్ కింద ఒక పసివాడు చనిపోయాకే, 2021 మేలో సుమారు 1,25,000 మెషిన్లు వెనక్కి పిలిచారు. తిప్పితే బరువు మారే డంబెల్స్ కొనేముందు పేరు చూడండి. బోఫ్లెక్స్ 552, 1090 రకాలు సుమారు 38 లక్షలు 2025 జూన్‌లో రీకాల్ అయ్యాయి. ఎత్తినప్పుడు బిళ్లలు ఊడి పడుతున్నాయని, వందమందికి పైగా గాయపడ్డారని కారణం. 2020లో ఎగబడి కొన్న ఇళ్లలో ఇవి చాలానే ఉండి ఉంటాయి. మీ బేస్‌మెంట్‌లో ఉంటే వాడటం ఆపి, సి.పి.ఎస్.సి. వెబ్‌సైట్‌లో రీకాల్ వివరాలు చూసి కంపెనీని అడగండి. ఇంకొకరికి అమ్మకండి, ఊరికే కూడా ఇవ్వకండి.