స్థల విక్రయము, వినియోగ మార్పు

శ్రీకాళహస్తి స్వర్ణముఖీ నదికిని కొండలకును నడుమ నొదిగిన యూరు. ఖాళీస్థలము వేలమునకు వచ్చినచో కొనదలచువారు పలువురు. అమ్మకమునకు అనుమతి వేరు, వినియోగ మార్పునకు అనుమతి వేరు అని వారికి మనవి చేయుచున్నాము.

దేవాలయ భూమి నమ్మవలెనన్న 1987వ సంవత్సరపు ధర్మాదాయ చట్టము 80వ సెక్షను ప్రకారము కమీషనరు ముందుగా అనుమతింపవలెను. వివరములు గెజెట్టులో ప్రకటించి, అభ్యంతరములు విచారించిన పిదపనే ఆ యనుమతి. అది లేని క్రయము చెల్లదు.

సక్రమముగా కొన్నను, మాస్టరు ప్లానులో వ్యవసాయమునకు గుర్తించిన చోట ఇండ్ల లేఅవుటు వేయరాదు. ప్లాను మార్చుటకు, పట్టణాభివృద్ధి సంస్థల 2016వ సంవత్సరపు చట్టము ననుసరించి, మరల ప్రకటన కావలెను. పొరుగువారు అభ్యంతరము తెలుపుటకు అదియే సమయము. నోటిమాట చాలదు, వ్రాసి యిచ్చి రసీదు పుచ్చుకొనవలెను.

లేఅవుటులో ఉద్యానమునకు విడిచిన జాగా ఎన్నేండ్లు బీడుగా నున్నను మిగులు స్థలము కాదు. పురపాలక సంఘము దానిని వేలమునకు పెట్టరాదు.