నెలలు నిండని బిడ్డ నడక

బిడ్డ బోర్లపడినచో బొబ్బట్లును, తొలి అడుగులు వేసినచో అరిసెలును పంచుట మన యిండ్ల ముచ్చట. నెలలు నిండకయే పుట్టిన బిడ్డ విషయమున ఆ ముచ్చట ఆలస్యమగుకొలది తల్లికి దిగులు హెచ్చును. ఆ దిగులులో కొంత లెక్క తెలియకపోవుటచేతనే కలుగుచున్నది. 37 వారములు నిండకమునుపు పుట్టిన బిడ్డను వైద్యులు అకాలజాత శిశువనియు, పుట్టునప్పుడు 2500 గ్రాములకంటె తక్కువ తూగిన బిడ్డను అల్పభార శిశువనియు అందురు. 40 వారములకు కావలసిన కాన్పు 30వ వారముననే యైనచో, పుట్టి ఆరునెలలైన యా బిడ్డకు సవరించిన వయస్సు ఇంచుమించు మూడున్నర నెలలే. మెడ నిలుపుట, కూర్చుండుట, నడచుట మున్నగు వానిని రెండేండ్లు వచ్చువఱకు ఈ వయస్సుతోనే కొలువవలెను. పొరుగింటి పిల్లతో పోల్చి పెదవి విఱచు పెద్దలకు ఈ తీసివేత ముందుగా నేర్పవలసియున్నది.

అయినను, సర్వమును లెక్కతోనే తీరిపోవునని ఊరడిల్లరాదు. గర్భవాసపు చివరి వారములలో చోటు చాలక శిశువు కాలుసేతులు ముడుచుకొని, గర్భాశయపు గోడను తన్నుచు, కండరములకు బిగువు సంపాదించుకొనును. ఆ వారములు దక్కని బిడ్డ, బిగువు చాలని దేహము భూమ్యాకర్షణమునకు లొంగిపోగా, కప్పవలె కాలుసేతులు చాపి పరుండును. అందుచేతనే నర్సులు బిడ్డ చుట్టును గుడ్డచుట్టలమర్చి, మోకాళ్లు ముడిచి, చేతులు నోటి దరికి చేరునట్లు పరుండబెట్టుదురు. 1978లో కొలంబియా దేశపు బొగోటా నగరమున ఇంక్యుబేటర్లు చాలక, ఎడ్గార్ రే సనాబ్రియా అను వైద్యుడు తల్లి రొమ్ముపై, చర్మమునకు చర్మము తాకునట్లు, బిడ్డను నిలువుగా కట్టించెను. లేమిలో పుట్టిన ఈ కంగారూ సంరక్షణమును దినమునకు 8 మొదలు 24 గంటలవఱకు చేయవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2022లో సూచించినది.

ఇంతకంటె గంభీరమైనది మెదడు సంగతి. మెదడులోపలి ద్రవపు గదుల చెంతనుండు తెల్లని పదార్థము 24 మొదలు 32 వారముల నడుమ అతిసుకుమారము; రక్తప్రసారము కుంటువడినను, అంటుదోషము సోకినను అచ్చట గాయమేర్పడవచ్చును. కాళ్లను నడపు నాడీతంతువులు ఆ గదుల ప్రక్కనే పోవుటచేత ముఖ్యముగా బిగిసిపోవునవి కాళ్లే. నెలలు నిండని పుట్టుకకును, కష్టమైన కాన్పునకును, ఈ బిగువునకును గల సంబంధమును విలియం లిటిల్ అను శస్త్రవైద్యుడు 1861లోనే లండను ప్రసూతివైద్యుల సభకు విన్నవించెను.

బిగువు జాడ తల్లి చేతికే ముందుగా తగులును: గుడ్డ మార్చబోగా తొడలు విడివడవు, నెలలు గడచినను బొటనవ్రేలు పిడికిటిలోనే నిలిచిపోవును, ఎత్తి నిలిపినచో మడమ మోపక మునివ్రేళ్లపై నిలుచును. సవరించిన మూడవ నెల నాటికి, వెల్లకిల పరుండిన ఆరోగ్యవంతుడగు బిడ్డ మెడను, మణికట్లను, చీలమండలను అన్ని దిక్కులకు ఎడతెగక సన్నసన్నగా కదలించుచుండును. ఆ కదలికల లేమి రాబోవు చిక్కునకు సూచనయని హైంజ్ ప్రెక్ట్‌ల్ అను పండితుడు నిరూపించెను. దానిని కనిపెట్టుటకు కొన్ని నిమిషముల వీడియోయు, శిక్షణ గల కన్నును చాలును. కావున “పెరుగుకొలది అదే సర్దుకొనును” అను మాట విని ఏడాది గడపుట నాకు సమ్మతము కాదు. పెరుగుచున్న మెదడు శిక్షణకు లొంగు కాలమదియే.

ఇంటియొద్ద చేయవలసినది స్వల్పమే: మేలుకొనియున్నప్పుడు ఎదుటనే యుండి చాపపై బోర్ల పరుండబెట్టుట, నిద్రకు వెల్లకిల వేయుట, బొమ్మను నడుమ చూపి రెండు చేతులను దానివద్దకు రప్పించుట. తాతలు ప్రేమతో కొనితెచ్చు చక్రముల వాకరు నడక నేర్పదు సరికదా, మునివ్రేళ్లపై తోసికొనిపోవు అలవాటును పెంచవచ్చును. దానితో పిల్లలు మెట్లపైనుండి దొర్లి గాయపడుచుండుటచేత కెనడా ప్రభుత్వము 2004లో దాని అమ్మకమునే నిషేధించినది.