జాక్ లమ్మస్

జాక్ లమ్మస్ (1915 అక్టోబరు 22 - 1945 మార్చి 8) అమెరికాకు చెందిన వృత్తి ఫుట్‌బాల్ క్రీడాకారుడు, మెరైన్ దళ అధికారి. ఇక్కడ ఫుట్‌బాల్ అనగా భారతదేశంలో ఆడే సాకర్ కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేతులతో పట్టి ఆడే అమెరికా ఫుట్‌బాల్. రెండవ ప్రపంచ యుద్ధంలో ఐవో జిమా దీవిపై చూపిన సాహసానికి మరణానంతరం ఇతనికి అమెరికా అత్యున్నత సైనిక పురస్కారమైన మెడల్ ఆఫ్ ఆనర్ లభించింది.

బాల్యము, విద్య

లమ్మస్ పూర్తి పేరు ఆండ్రూ జాక్సన్ లమ్మస్ జూనియర్. టెక్సాస్ రాష్ట్రంలోని ఎనిస్ పట్టణంలో జన్మించాడు. బేలర్ విశ్వవిద్యాలయంలో చదువుతూ ఫుట్‌బాల్, బేస్‌బాల్ రెండింటిలోనూ పేరు తెచ్చుకున్నాడు.

క్రీడా జీవితము

1941లో న్యూయార్క్ జెయింట్స్ జట్టులో చేరి 'ఎండ్' స్థానంలో ఆడాడు. వరుస చివర నిలబడి ప్రత్యర్థులను అడ్డుకోవడం, విసిరిన బంతిని అందుకోవడం ఈ స్థానంలోని ఆటగాడి పని. 1941 డిసెంబరు 7న పోలో గ్రౌండ్స్‌లో జెయింట్స్, బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్ల మధ్య ఆట సాగుతుండగానే పెర్ల్ హార్బర్‌పై జపాను దాడి వార్త న్యూయార్కుకు చేరింది. రెండు వారాల తరువాత, డిసెంబరు 21న, జెయింట్స్ జట్టు లీగు తుదిపోటీలో చికాగో బేర్స్ చేతిలో 37-9 తేడాతో ఓడిపోయింది. 1942 జనవరిలో లమ్మస్ మెరైన్ దళంలో చేరాడు. వృత్తి ఫుట్‌బాల్‌లో అతను ఆడినది ఆ ఒక్క సీజను మాత్రమే.

ఐవో జిమా యుద్ధము

అధికారిగా శిక్షణ పొందిన లమ్మస్ 5వ మెరైన్ డివిజన్‌లోని 27వ రెజిమెంటులో ఫస్ట్ లెఫ్టినెంటుగా పనిచేశాడు. 1945 ఫిబ్రవరి 19న అమెరికా సేనలు ఐవో జిమాపై దిగాయి. జపాను సైనికులు భూమిలోపల సొరంగాలు, కాంక్రీటు స్థావరాలు నిర్మించుకొని పోరాడటంతో ఒక్కొక్క గజం కోసం పోరు జరిగింది.

మార్చి 8న లమ్మస్ నాయకత్వంలోని ప్లటూను, రెండు పగళ్ళు రెండు రాత్రులు విరామం లేకుండా పోరాడిన పిమ్మట, మళ్ళీ ముందుకు కదిలింది. ఒక గ్రెనేడు పేలుడుకు దిమ్మెరపోయినా లమ్మస్ తేరుకొని, ఒంటరిగా వెళ్ళి మొదటి స్థావరాన్ని ధ్వంసం చేశాడు. రెండవ గ్రెనేడు వలన భుజానికి గాయమైనా ఆగక రెండవ స్థావరాన్ని, అనంతరం మూడవదానిని నిర్మూలించాడు. తన సైనికులను ముందుకు నడిపిస్తుండగా మందుపాతరపై కాలు పడి రెండు కాళ్ళు కోల్పోయాడు. అదే రోజున మరణించాడు. అప్పటికి అతని వయస్సు 29 సంవత్సరాలు. జెయింట్స్ జట్టు ఈ రోజు ఒక మంచి ఎండ్‌ను పోగొట్టుకుందని చివరి క్షణాలలో వైద్యునితో అన్నట్లు చెబుతారు.

గౌరవాలు

ఐవో జిమా యుద్ధానికి మొత్తం 27 మెడల్ ఆఫ్ ఆనర్ పురస్కారాలు ఇవ్వబడ్డాయి. లమ్మస్ పురస్కారాన్ని 1946లో అతని తల్లికి అందజేశారు. జాతీయ ఫుట్‌బాల్ లీగు ఆటగాళ్ళలో ఈ పురస్కారం పొందిన మరొకరు డెట్రాయిట్ లయన్స్‌కు చెందిన మారిస్ బ్రిట్. జెయింట్స్‌కే చెందిన అల్ బ్లోజిస్ కూడా 1945 జనవరిలో ఫ్రాన్సులో మరణించాడు. 1980లలో అమెరికా నౌకాదళం ఒక సరుకు రవాణా నౌకకు లమ్మస్ పేరు పెట్టింది. అతని సమాధి స్వస్థలమైన ఎనిస్‌లో ఉంది.