చిల్లు పడ్డాక విలువ పెరిగిన వెండి నాణెం



తాతయ్యలు దాచిన చిల్లు కాణీ మీ ఇంట్లో ఉంటే ఈ నెల పిల్లలకు చూపించండి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో లోహం ఆదా చేయడానికి 1943 నుంచి మన దేశంలో ఆ కాణీలను చిల్లుతోనే ముద్రించారు. చూపించాక ఒక ప్రశ్న అడగండి: "మామూలు నాణేనికి చిల్లు పెడితే దాని విలువ తగ్గుతుందా, పెరుగుతుందా?"

పెరిగిన సందర్భం ఒకటుంది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ అప్పట్లో బ్రిటిష్ వలస. అక్కడ నాణేలకు ఎప్పుడూ కొరతే. సరుకు తెచ్చిన ఓడల వర్తకులు, అమ్మకం అయ్యాక, వెండి నాణేలతో వెళ్లిపోయేవారు. దాంతో డబ్బుకు బదులు రమ్ము ఇచ్చి కూడా వస్తువులు కొనేవారు. 1812లో మద్రాసు నుంచి ఓడలో 40,000 స్పానిష్ వెండి డాలర్లు సిడ్నీ చేరాయి. ఇవి కూడా వెళ్లిపోకుండా ఆపడం ఎలా?

గవర్నర్ లాక్లన్ మెక్వారీ 1813లో ప్రతి డాలరు మధ్య భాగాన్ని వేరు చేయించారు. ఈ పని చేసిన విలియం హెన్షాల్, నకిలీ నాణేల కేసులో శిక్షపడి అక్కడికి వచ్చిన వ్యక్తి! బయటి వలయంపై వలస పేరు, సంవత్సరం, 'ఐదు షిల్లింగులు' అని ముద్ర వేశారు. లోపలి బిళ్ల విలువ 15 పెన్నీలు. చెలామణిలో ఉన్న నాణెంపై మరో ప్రభుత్వం ఇలా తన ముద్ర వేస్తే దాన్ని కౌంటర్‌మార్క్ నాణెం అంటారు.

ఇక లెక్క చూద్దాం. షిల్లింగుకు 12 పెన్నీలు. డాలరు అసలు విలువ 5 షిల్లింగులు, అంటే 60 పెన్నీలు. రెండు ముక్కలూ కలిపితే 75. వెండి పెరగలేదు, విలువ మాత్రం 25 శాతం పెరిగింది! అయితే ఆ విలువ వలసలోనే చెల్లుతుంది. బయట అది తూకానికి వెండి మాత్రమే. కాబట్టి పట్టుకెళ్తే వర్తకుడికే నష్టం. ఈ నాణేలు 1829 వరకు చెల్లాయి. ఆ వలయాల్లో నేడు మిగిలినవి సుమారు 300.

మన 500 రూపాయల నోటుదీ ఇదే సూత్రం. కాగితం ఖరీదు కొద్దిపాటిదే. దానిపై ముద్రను అందరం నమ్ముతున్నాం కాబట్టే అది చెల్లుతోంది.

ఇంట్లో చేసి చూడండి: అట్టముక్కతో 'డాలరు' చేసి, మధ్యలో కత్తిరించి, రెండు ముక్కల మీదా పిల్లల చేత విలువ రాయించండి. ఇంట్లో అందరూ ఒప్పుకుంటే దానితో ఒక చాక్లెట్ కొనుక్కోనివ్వండి. ఒప్పుకోకపోతే ఏమవుతుందో వాళ్లనే చెప్పమనండి. అసలు నాణేలను మాత్రం కత్తిరించనివ్వకండి, అది చట్టవిరుద్ధం.