బడి కంప్యూటర్ ఒకటే... ఖాతాలు వేరుగా ఉండాలి

బొమ్మసంద్ర పారిశ్రామికవాడ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలకు కొదవ లేదు. ఆ పిల్లలకు చదువు చెప్పే మాలాంటి చిన్న బడుల్లో కంప్యూటర్లకు మాత్రం కొదవే. పొద్దున ఫీజుల లెక్కలు, మధ్యాహ్నం శాట్స్, యూడైస్ వివరాల నమోదు, ఆ తర్వాత పిల్లల టైపింగు... అన్నీ ఒకే యంత్రంలో. అందరూ ఒకే ఖాతాలో పనిచేస్తే బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్ కూడా అందరిదీ అయిపోతుంది. ఆట కోసం వెతికే పిల్లాడు తోటివారి పుట్టిన తేదీలు, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు ఉన్న పేజీలోకి వెళ్లిపోవచ్చు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారి వివరాలపై ప్రత్యేక శ్రద్ధ పెట్టింది. చిన్న బడి అయినా ఈ జాగ్రత్త తప్పదు.

మూడు ఖాతాలు చాలు

విండోస్‌లో ఖాతాలు రెండు రకాలు: అడ్మినిస్ట్రేటర్, స్టాండర్డ్. అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ ప్రధానోపాధ్యాయుల దగ్గరే ఉండాలి. సాఫ్ట్‌వేర్ వేయడానికో, తీయడానికో తప్ప ఆ ఖాతా తెరవకూడదు. రోజువారీ పనికి ఆఫీసుకొకటి, పిల్లలకొకటి స్టాండర్డ్ ఖాతాలు చాలు. ఫీజుల ఫైళ్లు ఆఫీసు ఖాతా డాక్యుమెంట్స్‌లోనే దాచాలి. పిల్లల ఖాతా నుంచి అవి తెరుచుకోవు.

ఐకాన్ తీసేస్తే సరిపోదు

ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లోకి ఎక్కిన సాఫ్ట్‌వేర్ అన్ని ఖాతాలకూ అందుతుంది. డెస్క్‌టాప్ మీద ఐకాన్ తీసేసినా, వెతికితే దొరుకుతుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఎక్కేటప్పుడే అందరికా, ఈ ఖాతాకు మాత్రమేనా అని అడుగుతాయి. ఆఫీసుకే పరిమితమైనది ఆఫీసు ఖాతాలోనే, రెండోది ఎంచుకుని వేస్తే సరి.

అలా అడగని లెక్కల సాఫ్ట్‌వేర్‌కు మరో దారి ఉంది. అడ్మినిస్ట్రేటర్ ఖాతాలోకి వెళ్లి, ఆ సాఫ్ట్‌వేర్ ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ తెరిచి, పిల్లల ఖాతా పేరు చేర్చి 'రీడ్ అండ్ ఎగ్జిక్యూట్' ఎదుట డినై పెట్టాలి. 'యూజర్స్' అనే గుంపుకు డినై పెట్టకండి. అందులో టీచర్లూ ఉంటారు, అనుమతి కంటే నిరాకరణకే బలమెక్కువ. మొత్తం ప్రోగ్రామ్ ఫైల్స్‌నో, విండోస్ ఫోల్డర్‌నో అసలు ముట్టుకోవద్దు.

ఇంకో కిటుకు పిల్లలకు బాగా తెలుసు. కొన్ని ఆటలు, బ్రౌజర్లు అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడగకుండానే సొంత ఖాతాలోకి ఎక్కేస్తాయి. అందుకే వారానికోసారి పిల్లల ఖాతా తెరిచి, ఇన్‌స్టాల్ అయినవాటి జాబితా చూడాలి.

ఉబుంటు వాడే బడుల్లో పని ఇంకా తేలిక. టీచర్లను ఒక గుంపుగా చేర్చి, ప్రోగ్రామ్ ఫైలును ఆ గుంపు పేరన పెట్టి, 750 అనుమతి ఇస్తే చాలు. 7 అంటే యజమానికి అన్ని హక్కులూ, 5 అంటే గుంపుకు చదివే, నడిపే హక్కులు, 0 అంటే మిగతావారికి ఏమీ లేదు. కేరళ ప్రభుత్వ బడుల్లో ఇలాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తోనే ఏళ్లుగా పాఠాలు నడుస్తున్నాయి.

తాళం వేస్తూ తెలుగును మూయొద్దు

విండోస్‌లో కీబోర్డు భాష ఏ ఖాతాకు ఆ ఖాతాదే. ఆఫీసు ఖాతాలో తెలుగు ఉన్నంతమాత్రాన పిల్లల ఖాతాలో ఉండదు. కొత్త ఖాతా తెరిచిన రోజే తెలుగు, కన్నడ రెండూ చేర్చాలి. 2015 నాటి చట్టం ప్రకారం కర్ణాటకలో మన పిల్లలు కన్నడ కూడా నేర్చుకోవాలి కదా! ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో తెలుగు 'క', కన్నడ 'ಕ' ఒకే మీట మీద ఉంటాయి. ఒక భాషలో వేళ్లు అలవాటైతే రెండోదీ వచ్చేస్తుంది. జీకాంప్రి, టక్స్ పెయింట్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లనూ పిల్లలకు అందుబాటులో ఉంచాలి. ఆఫీసు వివరాలకు తాళం వేసేది పిల్లలను కంప్యూటర్‌కు దూరం చేయడానికి కాదు, వాళ్లను భయం లేకుండా దాని ముందు కూర్చోబెట్టడానికి.

తల్లిదండ్రులు అడగాల్సినవి

తల్లిదండ్రుల సమావేశంలో మూడు ప్రశ్నలు అడగండి. పిల్లలకు వేరే ఖాతా ఉందా? అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంది? ఆఫీసు సిబ్బంది మారినప్పుడు దాన్ని మారుస్తున్నారా? వీటికి జవాబు చెప్పడం బడిగా మా బాధ్యత.