మంచుకాలమున స్పోర్ట్సుకారు

మా చెల్లెలు అమెరికాలో మిషిగన్ రాష్ట్రమునందు కాపురముండి ఏడేండ్లయినది. కడచిన వేసవిలో మా మరిదిగారు ఒక స్పోర్ట్సుకారు కొనిరి. ఎఱ్ఱనిది, నేలకు జానెడెత్తున బల్లపరుపుగా నుండునది. ముందు ఇద్దఱు సుఖముగా కూర్చుండవచ్చును. వెనుక పసిపిల్లకు మాత్రము చాలునంత చోటు. ఆ ఛాయాపటము చూచి మా యింట అందఱును మురిసితిమి. “లక్ష్మీకళ ఉట్టిపడుచున్నది” అని జవాబు వ్రాసినదానను నేనే. ఆ మాట ఇప్పుడు తలచుకొన్న నాకు సిగ్గగుచున్నది.

నవంబరులో ఒకనాటి రాత్రి చెల్లెలు టెలిఫోను చేసి, “అక్కా, ముందే చెబుతున్నాను, ఎవరికీ ఏమీ కాలేదు” అని మొదలిడినది. ఏమియు జరుగనిచో అట్లు మొదలిడువారుందురా? ఉదయము మరిదిగారు పాపను బడికి తీసికొనిపోవుచు ఒక చిన్నవంతెన యెక్కిరట. రాత్రి కురిసిన సన్నని తుంపర గడ్డకట్టి యున్నది. రోడ్డు తడిసినట్లు నల్లగా కానవచ్చెనే కాని మంచు జాడయే లేదు. వంతెన నడుమ యాక్సిలరేటరును కొంచెము నొక్కిరో లేదో, కారు వెనుకభాగము ముందునకు వచ్చుటకు ప్రయత్నించినట్లు తిరిగి, బొంగరమువలె ఒక చుట్టు చుట్టి, కమ్మీల ప్రక్కన నిలిచినది. ఆ క్షణమున ఎదుటినుండి మఱియొక బండి రాలేదు. పాప మాత్రము “మళ్ళీ తిప్పు నాన్నా” అని చప్పట్లు కొట్టినదట.

“మా అత్తగారితో అనకు. టైర్లు మార్పించండి అంటే వినడం లేదు. మూడు నెలల మంచుకి అంత డబ్బా అంటున్నారు. బావగారు చెబితే వింటారేమో” అని చెల్లెలు ప్రాధేయపడినది. మా వారు ఉన్నత పాఠశాలలో ప్రకృతిశాస్త్రము చెప్పుదురు. అది మొదలు మూడు రాత్రులు మా యింట ఇదే ప్రసంగము. కావ్యములలో హేమంతవర్ణనలు చదివి హిమమనిన పద్మములకే శత్రువనుకొన్న నాకు, అది రబ్బరునకు సైతము శత్రువని అప్పుడు తెలిసినది.

సోదరీమణులారా, మార్గశిరమున వంటయింట నేతిగిన్నెను చూచియే యుందురు. వేసవిలో నూనెవలె జాలువారునది చలికి పేరుకొని గరిటెకు లొంగదు. స్పోర్ట్సుకార్లకు సాధారణముగా అమర్చు వేసవి టైర్ల సంగతియు ఇంచుమించు అట్టిదే. (నేయి వేరు, రబ్బరు వేరు, పోలిక మఱీ సాగదీయకుమని మా వారి హెచ్చరిక.) ఆ రబ్బరు వేడిరోడ్డును మెత్తగా కఱచి పట్టుకొనుటకై చేయబడినది. ఉష్ణము సుమారు 7 డిగ్రీల సెంటిగ్రేడునకు దిగినది మొదలు అది బిగిసి, నేలయందలి సూక్ష్మమైన ఎత్తుపల్లములలోనికి ఒదుగజాలక జాఱ నారంభించును. మంచు కురియనక్కరలేదు, రోడ్డు పొడిగా నున్నను అంతియే. సున్నకు దిగువ ఏడెనిమిది డిగ్రీలకు పోయినప్పుడు ఆ బండిని కదల్పనే కదల్పవద్దనియు, రబ్బరు పగులు విచ్చుననియు కొందఱు తయారీదారులే వ్రాసియుంచిరి.

చలికాలపు టైర్ల రబ్బరు మిశ్రమము వేఱు. గడ్డకట్టు చలిలోను మెత్తదనము విడువదు. పైగా దానిపై వెండ్రుకవలె సన్నని కోతలు వేలకొలదిగా నుండి మంచును పట్టుకొనును. ప్రక్కభాగమున మూడు శిఖరముల కొండయు, దానిలో మంచుపువ్వును ముద్రించియుండుట గుఱుతు. కెనడాలోని క్విబెక్ ప్రాంతమున డిసెంబరు 1 మొదలు మార్చి 15 వఱకు కార్లకు ఇట్టి టైర్లుండవలెనని శాసనమే కలదు. మిషిగన్‌లో అట్టి నిర్బంధము లేదు. అందుచేతనే మా మరిదిగారి వాదమునకు చోటు దొరకినది.

వంతెనల సంగతి వేఱుగ చెప్పవలెను. మామూలు రోడ్డునకు క్రింద భూమి యుండి పగటి వెచ్చదనమును కొంత నిలుపును. వంతెనకు క్రిందనుగూడ చలిగాలియే. కావున రోడ్డంతయు తడిగా మాత్రమే యున్నప్పుడు వంతెన ముందుగా గడ్డకట్టును. ఆ గడ్డ గాజువలె పలుచనై, క్రింది నలుపును కనబఱచుచుండుటచే దానిని నల్లమంచు అందురు. మన నూతిగట్టున పాచి పట్టిన రాతిమీద నిండుబిందెతో అడుగు పెట్టిన వారికి దాని స్వభావము వివరింపనక్కరలేదు. పొడిరోడ్డుపై ఆగుటకు పట్టు దూరమునకు ఐదాఱు రెట్లు పోయినను అట్టిచోట బండి ఆగకపోవచ్చును.

అన్ని కార్లకును గల ఈ ఆపద స్పోర్ట్సుకారునకు ఏల హెచ్చు? ఇట్టి బండ్లు పెక్కింటికి యంత్రబలమంతయు వెనుకచక్రములకే పోవును. ఆ బలమా అపారము. పట్టులేని నేలమీద పాదము రవంత బరువుగా మోపిన చాలును, చక్రములు ఉన్నచోటనే గిఱ్ఱున తిరిగి వెనుకభాగము ప్రక్కకు తొలగును. ఇక టైర్ల వెడల్పు. వేసవిలో గొప్పయైన ఆ వెడల్పే మెత్తని మంచులో దోషము. సన్నని చక్రము మంచును కోసికొని నేలను చేరును. వెడల్పైనది చాపవలె పైపైన తేలును.

మా మరిదిగారు దీనికి తగిన జవాబే యిచ్చిరి. “బావగారూ, కారు జారకుండా చూసే ఎలక్ట్రానిక్ సాధనం ఉంది కదా!” నిజమే. 2012 నాటి నమూనాలనుండి అమెరికాలో అమ్మెడు కార్లన్నిటికిని అది తప్పనిసరి. బండి ప్రక్కకు తిరుగబోవుచున్నదని కనిపెట్టి ఒక్కొక్క చక్రమునకు వేఱువేఱుగ బ్రేకు వేయును. ఎందఱినో కాపాడిన సాధనమది. కాని మా వారు అడిగిన దొక్కటే: “నాయనా, ఉన్న పట్టును అది సర్దగలదు, లేని పట్టును ఎక్కడనుండి తెచ్చును?” నాలుగు చక్రములకు బలమందు బండ్ల విషయమును అట్టిదే. బయలుదేరుటకు సాయపడును; ఆపుటకు పనికిరాదు.

స్త్రీలకు కార్ల గొడవ ఏల యని ఎవరైన అందురేమో. అద్దముపై వానను మంచును తుడుచు వైపరును కల్పించి 1903లో పేటెంటు పొందినది అలబామాకు చెందిన మేరీ ఆండర్సన్ అను వనిత. చలికాలపు న్యూయార్కులో ట్రాముబండి నడుపువాని అవస్థ చూచి ఆమెకా యోచన తట్టెనట. ఫ్రెంచి వనిత మిషెల్ మూతోన్ 1981లో ఇటలీలోని సాన్‌రేమో ర్యాలీ గెలిచి, ప్రపంచ ర్యాలీ పోటీలలో జయించిన మొదటి స్త్రీ యయ్యెను. వేగమును నేను నిందించుట లేదు.

నన్ను అన్నిటికంటె భయపెట్టినది మఱియొకటి. ఇట్టి కారు నేలకు మిక్కిలి దగ్గఱ. మంచు పారతో త్రోసిన దిబ్బ చిన్నదైనను అడుగుభాగము దానిపై కూర్చుండి చక్రములు పనిచేయకపోవచ్చును. చిక్కుకొన్నవారు వెచ్చదనమునకై యంత్రమును ఆడించుచు కూర్చుందురు. ఆ దిబ్బలో పొగగొట్టము పూడుకొనిపోయిన, కార్బన్ మోనాక్సైడు కారులోనికి చేరును. దానికి రంగులేదు, వాసన లేదు. నిద్ర వచ్చినట్లే యుండును. మన యిండ్లలో చలికి తలుపులు మూసి బొగ్గుల కుంపటి పెట్టుకొని పండుకొన్నవారి ప్రాణములు తీయునది ఈ వాయువే. కావున ముందు దిగి గొట్టము చుట్టునున్న మంచును తీయవలెను. మూసిన షెడ్డులో యంత్రమును వెచ్చచేయుటయు కూడదు.

పిల్లతల్లులకు ఇంకొక మాట. దళసరి దూదికోటు తొడిగి పాపకు సీటుపట్టీ కట్టిన, పట్టీ బిగిసినట్లే కనబడును. దెబ్బ తగిలినప్పుడు కోటు అణగిపోయి, పట్టీ వదులై బిడ్డ జాఱవచ్చును. కోటు విప్పి పట్టీ బిగించి, దానిపై కంబళి కప్పవలెను. చెల్లెలికి ఈ సంగతి తెలియదు. ఆ ఉదయమున పాప కోటుతోనే యున్నదట. ఇది చెప్పినప్పుడు అటుప్రక్క చాలసేపు మాట వినబడలేదు.

బ్యాటరీ చలికి సగము బలము కోల్పోవుననియు, ఉష్ణము ఐదాఱు డిగ్రీలు తగ్గినప్పుడెల్ల టైరులోని గాలి ఒక పౌను చొప్పున తగ్గుననియు, నూనె చిక్కబడునుగాన మొదటి కొన్ని మైళ్ళు యంత్రమును తొందరపెట్టరాదనియు తెలిసికొంటిమి. జాఱినప్పుడు బ్రేకును గట్టిగా తొక్కక, యాక్సిలరేటరునుండి పాదమెత్తి, పోవలసిన దిక్కును చూచుచు చక్రమును మెల్లగా అటు త్రిప్పవలెనట. చెప్పుట సులభము. ఆ వంతెనమీద ఎవరికి గుర్తుండును?

మూడవనాడు మా వారు వాదము మాని, “ఒకమాఱు షెడ్డులోనికి పోయి మీ టైరును బొటనవ్రేలిగోటితో నొక్కి చూడుము. తరువాత పొరుగువారి చలికాలపు టైరును నొక్కుము” అనిరి. మరిదిగారు టెలిఫోను పట్టుకొనియే వెళ్ళిరి. కొంతసేపు అడుగుల చప్పుడు మాత్రము వినవచ్చినది. తిరిగి వచ్చి, “మాది చెక్కలా ఉంది బావగారూ” అనిరి. అంతకుమించి మేమును ఏమియు అనలేదు. పదేండ్లనుండి కారు నడుపుచున్న మనుష్యుని చేత అంతకంటె చెప్పించుట న్యాయము కాదు.

ఆ కారు కొలతకు తగిన చలికాలపు టైర్లు వెంటనే దొరకలేదు. అందుచే వారు చెల్లెలి పాతకారునకు నాలుగు టైర్లును మార్పించి, ఎఱ్ఱకారును షెడ్డులోనే గుడ్డ కప్పి యుంచిరి. బ్యాటరీకి సన్నని తీగతో విద్యుత్తు అందుచున్నదట. పాప రోజును ఆ గుడ్డ అంచు పైకెత్తి, “ఇంకా నిద్రపోతోందా?” అని అడుగుచున్నదని చెల్లెలు మొన్న చెప్పినది. అత్తగారితో మరిదిగారే స్వయముగా చెప్పిరట. ఆమె కారు మాట యెత్తక, పాపకు కోటు విప్పి కంబళి కప్పుచున్నారా యని మాత్రము అడిగి, ఊలుతో కంబళి అల్లుట మొదలుపెట్టినది.